తూచని సిలిండర్

"ధూల్‌పేట్‌లో విగ్రహాలకు రంగు ఆరిందా?" ఫోన్‌లో ఆడగొంతు.

"ఆరింది. కళ్లు ఇంకా దిద్దలేదు," అన్నాడు వేణుగోపాల్.

కోడ్ కలిసింది. అవతల ఉన్నది తనూజ. విదేశీ ముఠాకు ఏజెంటు, ఆ ముఠా గుట్టు మనకు చేరవేసే డబుల్ ఏజెంటు కూడా. ఎవరికి ఎంత నిజం చెబుతుందో పెరుమాళ్లకెరుక.

"శాలిబండ ఫంక్షన్ హాల్. ఇయ్యాల మీటింగ్. ఆడున్న ఫైర్ సిలిండర్లలో ఒకటి బాంబు. ఏదో నాకు తెల్వదు. కిషన్‌బాగ్ గోడౌన్ నుంచే పోయింది. అంటే దాని మీద నీ స్టికరే ఉంటది, వేణూ."

లైన్ కట్ అయింది. వేణుగోపాల్ ఫోన్ దించాడు.

కొన్ని నెలలుగా అతను పాతబస్తీలో ఫైర్ సేఫ్టీ ఇన్‌స్పెక్టర్. అది కవర్. అసలు పని ఈ ముఠా ఆనుపానులు కనిపెట్టడం. చవగ్గా వస్తున్నాయని జనం ఎగబడి కొంటున్న నిఘా కెమెరాలు వాళ్లవే. మన ఆఫీసుల్లో, దుకాణాల్లో జరిగేదంతా అవి గుట్టుచప్పుడు కాకుండా సరిహద్దు దాటిస్తున్నాయి. ల్యాబ్‌లో పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తే తప్ప ఇకమీదట ఏ కెమెరా అమ్మరాదన్న ఉత్తర్వు మీద ఇవాళ ఆ హాల్లో, వ్యాపారులందరి ఎదుట సంతకం చేయబోతున్నారు. ఆ సంతకం పడితే ముఠా దుకాణం బంద్.

పోయిన వారం ఆ కిషన్‌బాగ్ గోడౌన్‌లో సిలిండర్లు తనిఖీ చేసింది తనే. రూలు ప్రకారం ప్రతిదాన్నీ తూచి, లోపల ఉండాల్సిందే ఉందని తేలాకే 'పాస్' స్టికర్ వేయాలి. తూకం మిషన్ బండిలోనే ఉంది. కానీ నీలం చీరలో తనూజ గుమ్మానికి ఆనుకుని, "చాయ్ సల్లగైతున్నది, ఇన్‌స్పెక్టర్ సాబ్" అని నవ్వింది. అంతే, స్టికర్లన్నీ టపటపా అతికించేశాడు. కవర్ చెడకూడదని అలా చేశానని చీఫ్‌కు రిపోర్టు పంపాడు. పచ్చి అబద్ధం. ఆ నవ్వుకు పడిపోయాడు, ఇంకేం లేదు.

చీఫ్‌కు ఫోన్ చేశాడు. "హాల్ ఖాళీ చేయించమంటారా, సర్?"

"వద్దు. రిమోట్ ఎవడి దగ్గరుందో తెలీదు. అలజడి కనిపిస్తే నొక్కేస్తాడు. వెయిటర్ వేషంలో వెళ్లు. వెతుకు. మాయం చెయ్యి."

"సర్, ఆ స్టికర్ విషయం..."

"తర్వాత."

తర్వాత అనేది ఉంటే కదా, అనుకున్నాడు వేణుగోపాల్.

హాలు నిండుగా ఉంది. నిజాం కాలం నాటి దేవిడీ బంగళాకు రంగులేసి ఫంక్షన్ హాల్ చేశారు. ప్రతి స్తంభానికీ ఒక ఎర్ర సిలిండర్. వేణుగోపాల్ గడ్డం అతికించుకుని, బిర్యానీ వండే ఖాళీ డేగిశాను ట్రాలీ మీద తోసుకుంటూ తిరిగాడు. అతని కళ్లజోడు మామూలుది కాదు. నకిలీ స్టికర్‌ను చూస్తే అద్దం మీద ఎర్ర చుక్క పడుతుంది. చుక్క ఒక్కటీ పడలేదు. పడదు మరి. స్టికర్లన్నీ అసలైనవే. అతికించినవాడే దొంగ.

వేదిక పక్క స్తంభం దగ్గర హాల్ వాచ్‌మన్ దుర్గయ్య ఇస్త్రీ యూనిఫాంలో నిటారుగా నిలబడి ఉన్నాడు. మంట లేస్తే సిలిండర్ ఎలా వాడాలో అతనికి నేర్పింది వేణుగోపాలే. దుర్గయ్య మోకాలి పక్కనున్న సిలిండర్‌ను వేణుగోపాల్ పరీక్షగా చూశాడు.

దసరా ఆయుధపూజ నాడు దుర్గయ్య మోటారు దగ్గర్నుంచి ఫ్యూజు డబ్బా దాకా అన్నింటికీ పసుపు పూసి కుంకుమబొట్టు పెట్టాడు. హాల్లోని సిలిండర్లన్నింటి మీదా ఆ మరక ఇంకా ఉంది. దీని మీద లేదు.

ట్రాలీ ఆపి చెయ్యి వేశాడు.

"ఏయ్ భాయ్, ముట్టకు!" దుర్గయ్య అతని మణికట్టు పట్టుకున్నాడు. "ఏందిది? ఇన్‌స్పెక్టర్ సాబ్ పాస్ చేసిన మాల్ అది. ఆయన అడిగితే నేనేం జెప్పాలె?"

వేదిక మీద అధికారి పెన్ను మూత తీశాడు. వేణుగోపాల్ గడ్డం కొంచెం పక్కకు లాగి, "దుర్గయ్యన్నా, నేనే. దీనికి బొట్టేది?" అన్నాడు గుసగుసగా.

దుర్గయ్య మొహం విప్పారింది. "మీరా సార్! మొన్న కంపెనోళ్లొచ్చి పాతది తీస్కపోయి ఇది పెట్టిన్రు. బొట్టు పెడ్దామనే అనుకున్న. మీ స్టికర్ కనవడ్డది. ఇంక బొట్టు దేనికి అని ఊకున్న."

చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. సిలిండర్‌ను ఎత్తి డేగిశాలో దించాడు. ఇదివరకు ఎత్తి చూసినవాటికంటే ఇది ఎంతో తేలిక. తూచి ఉంటే అక్కడే దొరికిపోయేది. బరువైన మూత ఒత్తి పెట్టాడు. అంత దళసరి లోహంలోంచి రిమోట్ సిగ్నల్ దూరదు. దూరదనే ట్రైనింగ్‌లో చెప్పారు.

పెన్ను కాగితాన్ని తాకింది. ముందు వరసలోని ఫొటోగ్రాఫర్ కెమెరా వదిలేసి, జేబులోంచి చిన్న నల్ల డబ్బా తీసి నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కాడు. మూడోసారి నొక్కేలోగా, వెనక వరసలో జరీ చీర కట్టుకుని కూర్చున్న తనూజ లేచి, జడలోంచి మత్తుమందు పూసిన పిన్ను తీసి అతని మెడలో గుచ్చింది. "అరే, కళ్లు తిరిగినట్టున్నయి పాపం," అంటూ మెల్లగా కుర్చీలో కూర్చోబెట్టింది. చప్పట్లు మోగాయి. సంతకం పడిపోయింది.

పెరట్లో బాంబ్ స్క్వాడ్ తన పని కానిచ్చింది. తనూజ దగ్గరకొచ్చి తల దించుకుంది. "ఆ దినం గోడౌన్‌ల నిన్ను మాటల్ల పెట్టమన్నరు. సిలిండర్ల లోపల మైకులే ఉన్నయన్నరు. నమ్మిన."

"నేనూ నమ్మాను," అన్నాడు వేణుగోపాల్.

దుర్గయ్య వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీ పున్నెమే సార్. మీరు లేకుంటే మేమంత బుగ్గి అయ్యేటోళ్లం."

"అన్నా, దాన్ని పాస్ చేసింది..."

"గదే జెప్తున్న సార్! పాస్ చేసేది మీరే గదా, ఏది మంచిదో ఏది కాదో మీకే ఎర్క." చేతులు ఇంకా గట్టిగా నొక్కాడు.

నిజం చెప్పకుండానే వేణుగోపాల్ చేతులు విడిపించుకున్నాడు. ఫోన్ మోగింది. చీఫ్.

"బ్రేవో! కానీ చిన్న తలనొప్పి. పేలే సిలిండర్‌ను పాస్ చేసిన వెధవ ఎవడో తేల్చాలని ఫైర్ సేఫ్టీ వాళ్లు విచారణ వేశారు. ఏరియా తెలిసిన నిజాయితీపరుడు కావాలట. నీ కవర్‌కు మంచి పేరుంది, నిన్నే వేశారు."

గూఢచారి ఉద్యోగంలో చేరాక, దొంగ ఎవరో ముందే తెలిసిన కేసు వేణుగోపాల్‌కు దొరకడం ఇదే మొదటిసారి.