మచ్చ కరిగించే మందు

ఉదయం తొమ్మిదింబావుకి లిఫ్ట్ తలుపులు తెరుచుకున్నాయి. లోపల సైంటిస్టు గోడకు జారగిలబడి కూర్చుని ఉన్నాడు. మెడ మీద సూది గుర్తు. ప్రాణం లేదు.

పదింటికి చీఫ్ ఫైలు ముందుకు తోశాడు. ఎదురుగా కూర్చున్న ఏజెంటును ఆఫీసులో అందరూ ‘రాయి’ అంటారు. ఏ వార్త విన్నా అతని మొహం ఒకేలా ఉంటుంది. ఇప్పుడూ అలాగే ఉంది.

“ఆయన కనిపెట్టిన మందు గురించి నీకు చెప్పక్కర్లేదు.”

చెప్పక్కర్లేదు. వాచి మాని, వాచి మాని పేగు లోపల మచ్చకట్టి గట్టిపడుతుంది. దారి సన్నబడుతుంది. ఇన్నాళ్ళూ కత్తే గతి. రాయి పేగును ఇప్పటికి రెండుసార్లు కోశారు. ఈ మందు ఆ మచ్చను మెత్తబరుస్తుందట.

“రేపు పదకొండింటికి పన్నెండు మందికి ట్రయల్ డోసు. విదేశీ ముఠా సీసాలు మార్చి విషం పెడుతుంది. పేషెంట్లు పోతే పరిశోధన బంద్. అసలు సీసాలు వాళ్ళ ల్యాబ్‌కి. ట్రయల్ ఆపేస్తే దొంగ దొరకడు. నీకు మారువేషం అక్కర్లేదు, నీ రోగమే నీ వేషం.”

“వార్డులో మనవాళ్ళు?”

“డైటీషియన్. రెండు నెలలుగా అక్కడే ఉంది. కోడ్: గాలి ఆడట్లేదు.”

మర్నాడు పదిన్నరకు, నాలుగో మంచం మీద పేషెంటుగా ఉన్న రాయి దగ్గరికి ఆమె వచ్చింది. వార్డులో తలలన్నీ అటే తిరిగాయి. అంత అందగత్తె.

“గాలి ఆడట్లేదు కదండీ?”

“కిటికీ తీయండి.”

ఆమె నవ్వి గిన్నె చేతికిచ్చింది. “నిన్నటి నుంచి ఏమీ తినలేదట. తినండి.”

దానిమ్మ గింజలు. సన్నబడ్డ పేగులో గింజలు పడితే దారి మూసుకుపోతుంది. రెండు నెలలుగా ఈ వార్డులో ఉన్న మనిషికి ఆ సంగతి తెలియకపోదు. తెలిసే పెట్టింది. తనకు కోపం వస్తుందేమోనని రాయి ఒక్క క్షణం చూశాడు. రాలేదు. గిన్నె పక్కన పెట్టేశాడు.

పది యాభైతొమ్మిది. పక్క మంచం మీది ముసలి టైలరుకు నర్సు ముందుగానే డ్రిప్ తగిలించింది. రాయి చీఫ్ ఇచ్చిన పెన్ను టార్చి నొక్కి సీసా మీద వెలుగు పడేలా పట్టాడు. అసలు లేబులైతే నీలంగా మెరవాలి. మెరవలేదు. చుక్క ట్యూబులోంచి దిగుతోంది. చేతికి ఇంకా రెండంగుళాలు.

మంచం మీంచి దూకి ట్యూబు మడిచిపట్టి, సూది లాగేశాడు.

వెనక నుంచి వచ్చిన డైటీషియన్ చేతిలో సిరంజి తళుక్కుమంది. ఆమె మణికట్టు అతని రెండో చేతికి చిక్కింది.

“ఎందుకు?”

“వాళ్ళు నాకేం కావాలో అడిగారు. మీవాళ్ళు ఎప్పుడైనా అడిగారా?”

గార్డులు ఆమెను తీసుకెళ్ళారు. ఆమె ఐస్ డబ్బాలో పన్నెండు సీసాలూ భద్రంగా దొరికాయి.

“ఏమయ్యా, బుద్ధుందా?” టైలర్ లేచి కూర్చున్నాడు. “నరం దొరకబుచ్చుకోడానికి మూడుసార్లు పొడిచారు నన్ను! మళ్ళీ పొడిపించుకోవాలా?”

“తప్పయింది బాబాయ్. కాలు జారింది.”

అసలు మందు అందరికీ ఎక్కింది. నాలుగో మంచం దగ్గర డ్యూటీ నర్సు కేస్ షీటులో రాసింది: ‘ఈ పేషెంటుకు కంగారు ఎక్కువ.’