తొమ్మిది సాయంత్రాల అబద్ధం

"పాత ఇనుము కొట్టు పక్క వీధిలో ఉందండీ" అన్నాడతను, తల ఎత్తకుండానే.

గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి భుజం మీది సైకిల్ని దించలేదు. దాని చక్రాల మీంచి వాన నీళ్లు కారి గచ్చు మీద మడుగు కడుతున్నాయి.

"సరిగ్గా చూడకుండానే చెప్పేశారే! మీ షాపుకి కొత్త సైకిళ్లే రిపేరుకి వస్తాయా?"

అప్పుడు తలెత్తాడు. మండిపడుతున్న రెండు కళ్లు, ముక్కు చివర వేలాడుతున్న ఒక చినుకు. నవ్వొచ్చింది. నవ్వితే ఆ సైకిల్ తన నెత్తిన పడేస్తుందేమోనని ఆపుకుని, లేచి అందుకున్నాడు.

అందుకోగానే అతని ముఖం మారిపోయింది. అంత తేలిక! బురద కింద సన్నటి స్టీలు గొట్టాలు, అతుకుల దగ్గర ఇత్తడి పోసి నున్నగా అరగదీసిన పనితనం, ఫ్రేము మీదే గేరు మీటలు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిల్. నలభై ఏళ్ల నాటి రేసు సైకిల్. ఇలాంటిది అతను ఫోటోల్లోనే చూశాడు.

"సారీ అండీ. నోరు జారాను. ఎవరిదిది?"

"మా నాన్నది. కుర్రతనంలో దీనిమీద రేసులు గెలిచారు. ఇరవై ఏళ్లుగా మెట్ల కింద పడుంది. ఇప్పుడు రిజర్వాయరు చుట్టూ ఒక్కసారి తొక్కాలని పట్టుబట్టారు. ఆగినప్పుడు కాలు నేలకి ఆనాలి కదా, సీటు నాలుగు వేళ్లు దించాలి. అది దిగి చావట్లేదు."

అతను సీటు పట్టుకుని తిప్పి చూశాడు. కదల్లేదు. "సీటు కింది అల్యూమినియం రాడ్డు స్టీలు గొట్టంలో అతుక్కుపోయింది. ఇన్నేళ్లు కలిసున్నాయి. విడదీస్తే పాపం కదండీ."

"ఆ పాపమేదో నాకు చుట్టుకోనీండి. మీరు విడదియ్యండి."

పక్కగదిలో మిషను కుడుతున్న అతని అక్క ఫక్కున నవ్వింది. అక్క టైలరు. రెండు షాపులకీ మధ్య ఉన్నది ఒక్క చెక్క గోడ. దాని అవతలి నుంచి అక్క వినని మాటంటూ లేదు.

ఆ అమ్మాయి పనిచేసేది కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబులో. రెండో రోజు సాయంత్రం ల్యాబునుంచి నేరుగా వచ్చింది, సైకిల్ ఎంతవరకు వచ్చిందో చూసిపోదామని. మూడో రోజు తన చిన్న ఆకురాయి కూడా తెచ్చుకుని బ్రేకు ముక్కలు రుద్దడం మొదలుపెట్టింది.

"పళ్ల డాక్టరుగారూ, అది బ్రేకు. మెల్లిగా."

"డాక్టర్ని కాదని ఎన్నిసార్లు చెప్పాలి మెకానిక్‌గారూ? అయినా మీ చెయ్యి మొరటు. మా ల్యాబులో అయితే మిమ్మల్ని ఊడ్చడానిక్కూడా పెట్టుకోరు."

"ఊడ్చడానికైనా వస్తాను, రోజూ ఇలా తిట్టేట్టయితే."

ఆమె వెంటనే తలదించుకుని బ్రేకు ముక్కని మరీ శ్రద్ధగా రుద్దింది. చెక్క గోడ అవతల మిషను ఆగిపోయింది.

ఒక సాయంత్రం జోరువాన. ఆమె ఇంటికి వెళ్లలేకపోయింది. అతను వెనక చక్రం వంకర తీస్తున్నాడు. చక్రం తిరుగుతోంది, ఇద్దరూ రిమ్ము మీదికి వంగి ఒక్కచోటే చూస్తున్నారు.

"సరిపోయింది" అన్నాడు.

"లేదు. అదిగో, ఆ పుల్ల దగ్గర. వెంట్రుకంత."

మళ్లీ చూశాడు. నిజమే. "మీ కళ్లున్నాయే..." అని ఆగిపోయాడు.

"ఉన్నాయి. రెండు. ఏమైంది వాటికి?"

"ఏం కాలేదు. బాగున్నాయి."

వాన వెలిసేదాకా అతను ఆ ఒక్క పుల్లనే సరిచేస్తూ ఉండిపోయాడు. వెలిశాక కూడా ఆమె కాసేపు కూర్చుంది.

సైకిల్ అంతా సిద్ధమవుతోంది గానీ ఆ రాడ్డు మాత్రం మొండికేసింది. రోజూ నూనె పోశాడు. గొట్టాన్ని వేడిచేశాడు, రాడ్డుకి ఐసు పెట్టాడు. చివరికి ఒక మంగళవారం మధ్యాహ్నం రాడ్డు తలని బెంచికి అమర్చిన వైసు దవడల మధ్య బిగించి, మొత్తం ఫ్రేముని రెండు చేతులా పట్టుకుని బలమంతా పెట్టి తిప్పాడు. రాడ్డు కీచుమని గోడలదిరేలా అరిచి, వెంట్రుకవాసి కదిలింది. మళ్లీ తిప్పాడు. అరగంటలో రాడ్డు పూర్తిగా ఊడొచ్చింది.

ఎగిరి గంతేశాడు. ఫోను తీశాడు. ఆమె నంబరు నొక్కబోయి ఆగాడు.

ఇక మిగిలింది సీటు బిగించడమే. సాయంత్రం వచ్చి సైకిల్ తీసుకుపోతుంది. రేపటినుంచి ఆరింటికి గుమ్మంలోకి ఎవరొస్తారు?

తనెందుకు అలా చేస్తున్నాడో తనకే తెలియనట్టుగా గొట్టం లోపల శుభ్రం చేశాడు, గ్రీజు రాశాడు, రాడ్డుని మళ్లీ పాత ఎత్తులోనే దింపి బిగించేశాడు.

"ఏమన్నా కదిలిందా?" అంది ఆమె సాయంత్రం.

"ఊహూఁ. మొండిది."

"నాలాగే" అని నవ్వింది. ఆ నవ్వు చూసి, తను చేసింది చిన్న తప్పేలే అనుకున్నాడు.

ఇంకా రెండు రోజులు, అంతే. ఆలోగా మనసులో మాట చెప్పేస్తాడు. రెండు నాలుగయ్యాయి, నాలుగు ఆరయ్యాయి. మాట గొంతుదాకా వచ్చి అక్కడే కూర్చుండిపోయేది. ఒకరోజు ఆమె ఫోనులో వాళ్ల నాన్న మాట్లాడాడు.

"బాబూ, నా గుర్రం ఎలా ఉంది?"

"దాదాపు అయిపోయిందండీ. ఆ రాడ్డొక్కటే..."

"తొందరేం లేదులే. జాగ్రత్తగా తియ్యి. ఫ్రేముకి ఏమీ కాకూడదు."

ఫోను తిరిగిస్తుంటే చెవులు వేడెక్కాయి. ఆమె వెళ్లాక అక్క వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఒరేయ్, మంగళవారం ఏదో ఊడొచ్చి నువ్వు గంతులేసిన చప్పుడు నాకు వినపడలేదనుకున్నావా? ఒక్క మాట చెప్పడానికి ఎన్నాళ్లు నాన్చుతావురా?"

"ఆదివారం చెప్తా అక్కా. ఒట్టు."

గురువారం వచ్చింది. అబద్ధానికి పదో సాయంత్రం. ఆరయింది, ఏడయింది. ఆమె రాలేదు. అతనే ఫోను చేశాడు.

"ఆస్పత్రిలో ఉన్నాం" అంది. గొంతు పీలగా ఉంది. "నాన్న పొద్దున స్నానాల గదిలో పడిపోయారు. పక్షవాతం అంటున్నారు. కుడివైపు... మళ్లీ చేస్తాను."

మూడు వారాలకి వచ్చింది. బాగా చిక్కిపోయింది. సైకిల్ మెరుస్తోంది, సీటు ఆయన చెప్పిన ఎత్తులో ఉంది. ఆమె దాని మీద చెయ్యేసి నిమిరింది.

"ఎంత బాగా చేశారండీ! నాన్న ఇక తొక్కలేరు. అయినా కళ్లముందు ఉంటుంది కదా. మీరు బాధపడకండి. మీరు చేయగలిగిందంతా చేశారు. ఆ రాడ్డు సమయానికి రాకపోతే ఎవరేం చేస్తారు?"

ఆమె తిడితే భరించేవాడు. ఓదారుస్తుంటే భరించలేకపోయాడు.

"అది ముందే వచ్చేసింది" అన్నాడు.

"ఏది?"

"రాడ్డు. ఆయన పడిపోవడానికి తొమ్మిది రోజుల ముందు. మంగళవారం మధ్యాహ్నం. మీకు చెప్పలేదు. చెప్తే మీరిక రారని... మీరు రావాలని. మీరంటే నాకు..."

ఇన్నాళ్లూ దాచుకున్న మాటకి ఇదా సమయం అనిపించి సిగ్గుతో చచ్చిపోయాడు.

ఆమె సైకిల్ మీంచి చెయ్యి తీసేసింది. పక్కగదిలో మిషను ఆగిపోయింది.

"అడిగుంటే వచ్చేదాన్ని కదా" అంది. "ఏ సైకిలూ లేకపోయినా వచ్చేదాన్ని."

అతను ఏదో అనబోయాడు. ఆమె చెయ్యి అడ్డంగా పెట్టింది.

"నాన్నకి నేను చెప్పను. ఆ మాట మీరే చెప్పుకోవాలి." సైకిల్ని నడిపించుకుంటూ వెళ్లిపోయింది. వీధి మలుపు తిరిగేదాకా ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

మర్నాడు పొద్దున్నే అతను వాళ్లింటికి వెళ్లాడు. పెద్దాయన కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. కుడి చెయ్యి ఒళ్లో పడేసిన వస్తువులా ఉంది. అతను నిలబడే అంతా చెప్పేశాడు, తన వైపు ఒక్క సాకు కూడా కలపకుండా. ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి వింది.

పెద్దాయన మాటలు కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

"రోజూ సాయంత్రం... మా అమ్మాయి సైకిల్ తెస్తుందని... బూట్లు వేసుకుని కూర్చునేవాణ్ణి."

అతని తల మరింత దిగిపోయింది.

"నాకూ... ఒకప్పుడు నీ వయసుండేది. అందుకని... క్షమించేస్తాననుకోకు."

"అనుకోవట్లేదండీ."

"ఊఁ. వెళ్లు."

నాలుగు నెలలు ఎవరూ పిలవలేదు. ఆరింటికి గుమ్మంకేసి చూడటం అలవాటైపోయి, అతను బెంచిని గోడవైపుకి తిప్పేసుకున్నాడు. రాత్రి భోజనం దగ్గర అక్క ఒకటి రెండుసార్లు కదిపి చూసి ఊరుకుంది.

తర్వాత ఒక శనివారం ఫోను మోగింది.

"నాన్న మిమ్మల్ని రేపు పొద్దున రిజర్వాయరు దగ్గరికి రమ్మంటున్నారు" అంది ఆమె. "పిలుస్తున్నది ఆయన. నేను కాదు."

"అలాగేనండీ."

వెళ్లేసరికి రోడ్డు పక్కన చక్రాల కుర్చీలో పెద్దాయన, సైకిల్ పట్టుకుని ఆమె. నీళ్ల మీద ఇంకా పొగమంచు ఉంది.

"దీనికి తొక్కడం నేర్పాను. మాటలతోనే" అన్నాడు పెద్దాయన. మాట కాస్త తేరుకుంది. "ఇవాళ చుట్టూ తొక్కుతుంది. నువ్వు నా కుర్చీ పట్టుకో. వాలుగా ఉందిక్కడ."

అతను కుర్చీ వెనక నిలబడి పట్టుకున్నాడు. ఆమె వంగి, మొదట వణికి, తర్వాత నిలదొక్కుకుని సాగిపోయింది. దూరంగా గట్టు వంపులో చిన్న చుక్కయింది. పెద్దాయన ఎడం చెయ్యి తొడ మీద లయగా ఆడుతోంది, కాళ్లు తొక్కుతున్నట్టే. ఆ చెయ్యి చూస్తూ నిలబడటం అతనికి చాలా కష్టమైంది. అయినా చూపు తిప్పుకోలేదు.

ముప్పావుగంటకి ఆమె తిరిగొచ్చి ఆగింది. బ్రేకు కీచుమంది. ముఖమంతా చెమట, జుట్టంతా గాలి. నవ్వబోయి, అతను కనపడగానే ఆ నవ్వుని వాళ్ల నాన్నవైపు తిప్పేసింది.

"వెనక బ్రేకు అరుస్తోంది" అన్నాడు పెద్దాయన.

"రేపు షాపులో..." అనబోయాడు అతను.

"ఇప్పుడే చెయ్యి."

అతను మోకాళ్ల మీద కూర్చుని, జేబులోంచి పానా తీశాడు. ఆమె సీటు పట్టుకుని వెనక చక్రాన్ని కాస్త పైకెత్తింది. ఇద్దరి మధ్యా చక్రం నెమ్మదిగా తిరుగుతోంది.

"నాకు కోపం పోలేదు" అంది ఆమె, పెద్దాయనకి వినపడనంత మెల్లిగా.

"తెలుసండీ."

"చాలా రోజులుంటుంది."

"ఉండనివ్వండి. నేనిక్కడే ఉంటాను."

ఆమె రిమ్ముకేసి వేలు చూపించి, "అదిగో, అక్కడ ఇంకా రాసుకుంటోంది" అంది.

అతను పానా అటు తిప్పాడు.