సంచితీగ క్వార్టర్

సుభాష్‌పల్లి నుంచి వర్క్‌షాపుకి అడ్డదారిన వెళ్తే, పైకప్పు కూలిన పాత రైల్వే క్వార్టరొకటి తగులుతుంది. పొద్దు వాలాక అటు ఎవరూ పోరు. మేత కోసం అటెళ్లిన మేకలు తిరిగి రావు. కుక్కలైతే ఆ గోడ వాసన చూసి తోక ముడుస్తాయి. లోపల దెయ్యముందని కొందరు... లోపలి తీగే తినేస్తోందని కొందరు.

ఆ సాయంత్రం ఫిట్టరు హరిబాబు డ్యూటీ దిగి ఇంటికి రాలేదు. ఫోను మోగుతోంది — ఎత్తడం లేదు. భార్య రాధారాణి టోటో, అంటే బ్యాటరీ రిక్షా, ఎక్కి వెతుక్కుంటూ బయల్దేరింది.

ఆ క్వార్టరు ముందు అతని సైకిలు పడి ఉంది.

"ఉధర్ మత్ జావో, దీదీ," అటు పోవద్దని వారించాడు టోటోవాడు. బండి దిగలేదు.

ఆమె ఫోను లైటు వేసుకుని వెళ్లింది.

గుమ్మంలోనే మొగలిపూల వాసన... తల దిమ్మెక్కించే వాసన. గోడల నిండా తీగ. దాని ఆకులే చుట్టుకుని, మూతలున్న సంచులై వేలాడుతున్నాయి. చిన్నవాటిలో ఈగలు, మిడతలు. పెద్దవాటిలో ఎలుకల తోకలు, పిట్టల ఈకలు. నేలమీద గోనెబస్తాలంతేసి సంచులు — ఒకటి మూత మూసుకుని, మెల్లగా కదులుతూ, అరిగించుకుంటోంది. దాని అంచున మేక మెడగంట.

"రాధా... తీగ తగలనీకు."

మూలన హరిబాబు మోకాళ్ల మీద ఉన్నాడు. కుడిచెయ్యి భుజం దాకా ఒక సంచిలో ఉంది.

"ఓలమ్మా! ఏటి మావా ఇది?"

"పిల్లికూన ఏడుస్తందని సెయ్యెట్టినాను. పిల్లీ లేదు, ఏటీ లేదు... ఇదే అలా కూస్తంది. లాగితే ఇంకా లోపలికి పోతంది."

ఆమె అతని నడుం పట్టి లాగింది. తీగంతా ఒక్కసారి వణికింది. చుట్టూ మూతలు టపటపా తెరుచుకున్నాయి. కాలికేదో అంటుకుంది — చల్లగా, తడిగా. చెప్పు వదిలేసి, పళ్లు బిగబట్టి, మళ్లీ లాగింది.

పుటుక్కుమంది. ఇద్దరూ వెనక్కి పడ్డారు. పరుగో పరుగు!

టోటోలో అతని చెయ్యి చూసింది. తోలు వలిచినట్టు తెల్లగా ఉంది. ఆమెకి ఏడుపాగలేదు.

"ఎంత బలమొచ్చిందో మావా నాకు..."

హరిబాబు అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. తర్వాత గుసగుసగా అన్నాడు —

"నువ్వు లాగితే రాలేదే."

"మరి?"

"లోపల్నుంచి ఎవరో... నా అరిసేతికి సెయ్యి ఆనించి, బయటికి తోసినారు."