రాతిగదిలో ప్రార్థన

"లూసీ అమ్ముడుపోయింది," అన్నాడు చీఫ్ కృష్ణమోహన్.

1983. కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో ఒక అద్దె ఇల్లు. బయటికి ట్రావెల్ ఏజెన్సీ, లోపల మన దేశపు సీక్రెట్ సర్వీస్.

"మన జీతం తింటూ అవతలి గూఢచారుల రింగ్‌కి పనిచేస్తోంది. ఆ రింగ్‌లో మనం పెట్టిన దామోదర్‌ని ఫోటో తీసింది. రేపు న్యూ మెక్సికో గుహల్లో ఆ ఫిల్మ్‌ని వాళ్ల మనిషికి డెలివర్ చేస్తుంది. చేసిందా, దామోదర్ శవమే. ఫిల్మ్ ఎప్పుడూ లిప్‌స్టిక్ గొట్టంలో దాస్తుంది."

ఏజెంట్ సుందర్ రాజ్ ఫైల్ తిరగేశాడు. "నరసాపురం పాస్టర్‌గారి కూతురా?"

"ఒకప్పుడు. ఇప్పుడు దేవుడంటే నవ్వుతుంది."

మర్నాడు పూలచొక్కా, గడ్డిటోపీ, మెడలో కెమెరా. టూరిస్టు వేషంలో సుందర్ కొయ్యనిచ్చెన ఎక్కాడు. అగ్నిపర్వతం కక్కిన బూడిద గట్టిపడి కొండయితే, దాన్ని తొలిచి వందల ఏళ్ల కిందట జనం కాపురాలు చేసిన గదులవి. వాళ్ల పొయ్యిల మసి ఇంకా పైకప్పుకి అంటుకునే ఉంది.

"ఈ మసి ఎప్పటిది?" లోపల్నుంచి ఇంగ్లీషులో ఆడగొంతు. రింగ్ వాళ్ల కోడ్. జవాబు దామోదర్ ముందే పంపాడు.

"వంట ఇంకా కాలేదు," అన్నాడు సుందర్.

"కోడ్ కరెక్టే. యాసే గోదావరిది," అంది లూసీ తెలుగులో. మెడలో ఎర్రస్కార్ఫ్, చేతిలో పిస్టల్. అందగత్తె, సందేహం లేదు. పామూ అందంగానే ఉంటుంది.

జేబులో టెక్నికల్ వాళ్లిచ్చిన లైటర్ ఉంది. నొక్కితే మత్తుగ్యాస్ వస్తుందన్నారు. నొక్కాడు. బుద్ధిగా వెలిగింది.

"సిగరెట్ ఇవ్వడం మర్చిపోయారా పాపం?"

"దామోదర్‌కి ఇద్దరు ఆడపిల్లలు, లూసీ."

"నేను కన్నానా? నోర్మూసుకుని నిలబడు. మా ఆయన సైలెన్సర్‌తో వస్తున్నాడు. మా ఆయనంటే మొగుడు కాదు, నీ యముడు."

కింద నిచ్చెన కిర్రుమంది.

"ఒక్క ప్రార్థన చేసుకోనీ."

"కానియ్ త్వరగా."

సుందర్ మోకాళ్లూనాడు. గొంతు ఆదివారం గొంతయింది. "తలలు వంచి కళ్లు మూసుకుందాం. ప్రేమగల మా తండ్రీ, దామోదర్ కుటుంబాన్ని నీ చేతులకు అప్పగించుకుంటున్నాం..."

లూసీ నవ్వబోయింది. ఈలోగా ఎడమచెయ్యి స్కార్ఫ్‌ని తలమీదికి లాగేసింది. కళ్లు మూతపడ్డాయి. పాస్టర్ ఇంట్లో పెరిగిన ఒళ్లు, ఆవిడ మాట వినలేదు.

ఒక్క క్షణమే. సుందర్‌కి అది చాలు. మణికట్టు మెలితిప్పాడు, పిస్టల్ లాక్కుని ఆమె డొక్కలో ఆనించాడు. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ తీసి, గొట్టం విప్పి, కడగని ఫిల్మ్‌ని గుమ్మంలో ఎండలోకి బారెడు లాగాడు. దామోదర్ ముఖం అక్కడికక్కడే చెరిగిపోయింది.

అప్పుడే నిచ్చెన చివర ఒక టోపీ తేలింది. టోపీ కింది మనిషి ఫిల్మ్‌ని చూశాడు, పిస్టల్‌ని చూశాడు, వచ్చినదారినే దిగిపోయాడు.

"ప్రార్థనలో కళ్లు తెరిచావు," అంది లూసీ పళ్లు కొరుకుతూ. "మా నాన్న చూస్తే చెవి మెలిపెట్టేవాడు."

"చూడాలంటే ఆయనా తెరవాలిగా," అన్నాడు సుందర్. "పద, ముందు నువ్వు దిగు. ఇంకా ఆమెన్ చెప్పలేదు, స్కార్ఫ్ తియ్యకు."