సత్తవ్వ ఏడవలేదు

ఆ రోజు పొద్దున్నే సత్తవ్వ అరుగు మీద కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. పొయ్యి దగ్గర కోడలు శ్రీలత చాయ్ పెడుతోంది. అంతకు ముందు రోజే సత్తవ్వ భర్త రాజలింగం నెల మాసికం అయింది. దానికోసం కొడుకు సాగర్ భార్యతో సిరిసిల్ల నుంచి, కూతురు అఖిల కోరుట్ల నుంచి మేడిపల్లికి వచ్చి ఉన్నారు. సాగర్ సిరిసిల్లలో సాంచెలు నడుపుతాడు. మరమగ్గాల చప్పుడులో బతికి బతికి ఇంట్లో కూడా గట్టిగానే మాట్లాడతాడు. ఈసారి తల్లిని వెంట తీసుకుపోవాలని అనుకుంటున్నాడు. అవ్వ ఔననదు, కాదనదు.

గోడకు ఆనించి ఉన్న తండ్రి సైకిలును సాగర్ పాత గుడ్డతో తుడుస్తున్నాడు. తుడుస్తూ తుడుస్తూ ఎప్పుడూ చెప్పే ముచ్చటే ఎత్తుకున్నాడు.

"నాకు నాలుగేండ్లప్పుడు జెరమచ్చి ఒళ్లంత కాలిపోయిందట. బాపు నన్ను గీ సైకిల్ మీదనే కోరుట్ల దవఖానకు తీస్కపోయిండు, చెల్లే. గంత వానల! అన్ని యాదికి లేవు గని సైకిల్ ఊగుడు మాత్రం యాదికున్నది. గంత జెరంల గూడ ఊగుకుంట ఊగుకుంట నిద్రపోయిన."

"పెండ్లైన తెల్లారి సంది ఇంటున్న గీ ముచ్చట," అంది శ్రీలత చాయ్ గ్లాసులు తెస్తూ. "ఇంకో నాలుగు దినాలైతే సైకిలే లేచి చెప్తది."

అఖిల నవ్వింది. సత్తవ్వ మాత్రం చాట పట్టుకుని లేచి లోపలికి వెళ్ళిపోయింది. సైకిలు ముచ్చట వచ్చినప్పుడల్లా లేచి వెళ్ళిపోవడం ఆమెకు ఎప్పటినుంచో అలవాటే. రాజలింగం ఉన్నప్పుడు ఆయనేమో అక్కడే కూర్చుని మీసాల కింద నవ్వుకునేవాడు. ఎందుకని ఏనాడూ ఎవరూ అడగలేదు.

అప్పుడే కొమురయ్య వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. ఆ వాడలో ఎవరింట్లో ఏం జరిగినా ముందు కబురు మోసేది ఆయనే. భుజం మీది తువ్వాల తీసి ముఖం తుడుచుకున్నాడు.

"సత్తక్కా, లస్మవ్వ పోయిందే. తెల్లారి చాయ్ తాగి పండుకున్నది, మళ్ల లేవలే. బిడ్డలు అచ్చిండ్రు. మద్యాన్నం శవం లేపుతరట. నువ్వు జర జల్ది రా."

అఖిల చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లస్మవ్వ, సత్తవ్వ ఇద్దరూ వయసులో ఉన్నప్పటి నుంచి ఒకే మడిలో పక్కపక్కన నాట్లు వేసినవాళ్ళు. ఒకరి పిల్లలకు ఇంకొకరు పాలిచ్చినవాళ్ళు.

అంతేకాదు, మేడిపల్లిలో ఎవరు పోయినా సత్తవ్వ రావలసిందే. మిగతా ఆడవాళ్ళూ ఏడుస్తారు, ఎందుకేడవరు? కానీ సత్తవ్వ ఏడుపు వేరు. శవం కాళ్ళ మీద చెయ్యి వేసి రాగం అందుకుందంటే, పోయినవాళ్ళ బతుకంతా అక్కడ కూర్చున్నవాళ్ళ కళ్ళకు కట్టేది. నేత నేసే మార్కండేయులు పోయినప్పుడు, ఆ వాడలో పుట్టిన పిల్లలందరికీ మొదటి తువ్వాల ఆయనే నేసిచ్చిన సంగతి చెప్పి ఏడ్చింది. అప్పటికి మీసాలొచ్చిన మగవాళ్ళంతా తలలు దించుకున్నారు. పెద్దింటి చంద్రకళమ్మ పోయినప్పుడు ఆమె కొడుకు శశిధర్ రావు కబురు చేసి మరీ పిలిపించుకున్నాడు. పని చేసే బాలింతలకు ఆ తల్లి గోడ మీది నుంచి చాటుగా మజ్జిగ అందించేదని సత్తవ్వ రాగం తీస్తే, కన్నకొడుకే ఆ సంగతి మొదటిసారి విన్నాడు.

ఆమెకు ఒక్కటే పట్టింపు. "సచ్చినోళ్ల ముచ్చట ఒక్కటి గూడ తప్పు చెప్పొద్దు బిడ్డా. గట్ల కాదని చెప్పెతందుకు వాళ్లు లేసి రారు," అనేది అఖిలతో.

అలాంటి సత్తవ్వ ఇప్పుడు గడప దగ్గరికి వచ్చి, తలుపు పట్టుకుని నిలబడింది.

"నేను రాను కొమురన్నా."

"ఏందీ?"

"రాను. మీరు కానియ్యుండ్రి."

కొమురయ్య రెండడుగులు ముందుకు వేశాడు. "లస్మవ్వ కాడికి నువ్వు రాకుంటె ఎట్లనే? పానం మంచిగ లేదా?" అని ఒకసారి సత్తవ్వను, ఒకసారి పిల్లలను చూసి, తువ్వాల దులుపుకుని వెళ్ళిపోయాడు.

సత్తవ్వ కూడా లోపలికి వెళ్ళి గోడవైపు తిరిగి కూర్చుంది. అఖిల వెంటనే పోయి పక్కన కూలబడింది.

"అవ్వా, లస్మవ్వ పెద్దమ్మనే! ఆఖరి సూపు గూడ సూడవా?"

"సూస్త. అందరు పోయినంక పోయి సూసస్త."

"మరి ఏడ్వవా?"

"నాకు రాదు బిడ్డా. మర్చిపోయిన."

నెల రోజులుగా అఖిల మనసులో ఒకటే తొలుస్తోంది. ఊరందరికీ ఏడ్చిన అవ్వ సొంత మొగడు పోతే ఏడవలేదు. శవం లేచేదాకా కట్టెలా కూర్చుంది. ఆ తర్వాత అన్నం పెడితే రెండు ముద్దలు, పలకరిస్తే రెండు మాటలు. మనిషి సగమైంది. ఇరుగుపొరుగు వాళ్ళు అప్పుడే గుసగుసలాడుకున్నారు కూడా. అఖిల ఒక్క ఉదుటున లేచి అరుగు మీదికి వచ్చింది.

"అన్నా, నిజం చెప్పు. గా రోజు అవ్వకు ఏం చెప్పినవ్?"

సాగర్ సైకిలు తుడవడం ఆపలేదు. "ఏం చెప్పిన? ఏం చెప్పలే."

"అబద్ధం ఆడకు. నేను కండ్లార సూసిన. అవ్వ బాపు కాళ్ల మీద చెయ్యేసి రాగం ఎత్తుకున్నదో లేదో, నువ్వు ఒంగి చెవుల ఏదో అన్నవ్. గంతే. గప్పుడు మూసిన నోరు మళ్ల తెరువలే."

"వదినె, ఇప్పుడవన్నీ ఎందుకు..." అని శ్రీలత సర్దబోయింది.

"ఎందుకంటే మా అవ్వ సచ్చిపోయేటట్టున్నది కాబట్టి! కనబడ్తలేదా మీకు?"

ఆ మాటకు సాగర్ గుడ్డను నేలకేసి కొట్టాడు.

"చెప్పిన! ఊకోమని చెప్పిన! ఎందుకు చెప్పిన్నో నీకెర్కనా? మన వాడ గంగమ్మ పోయినప్పుడు అవ్వ ఏడుస్తుంటే ఎవడో ఫోన్ల తీసిండు. దానికి డాన్సులెగిరే పాట కలిపి, నవ్వే బొమ్మలు పెట్టి ఇడిసిండు. సిరిసిల్లల ప్రతోని ఫోన్లకు అచ్చింది. నా పక్క సాంచె మీదాయిన రోజు పొద్దుగాల నన్ను సూడంగనే గదే రాగం. 'ఓ నా సాగరయ్యో, చాయ్ తాపకుంటనే పోతివా' అని. అందరు పగలబడి నవ్వుడు. మా అవ్వ అని చెప్పలేక, కాదని చెప్పలేక నేనెంత సచ్చిన్నో నీకేం ఎరుక?"

శ్రీలత తల దించుకుంది. ఆమెకు ఈ సంగతి తెలుసు.

"బాపు కాడ అవ్వ నోరు తెరువంగనే నాలుగు ఫోన్లు లేసినయ్, చెల్లే. నా బాపును పండబెట్టుకోని, గా ముఖమ్మీద గూడ నవ్వే బొమ్మలు పెడ్తరా అనిపించింది. నా పానం ఒప్పలే. గందుకే అన్న."

"ఏమన్నవ్?" అంది అఖిల.

సాగర్ కింద పడ్డ గుడ్డ అందుకున్నాడు. గడపలోంచి సత్తవ్వ చెప్పింది.

"అవ్వా, జర నోరు మూసుకో, ఇజ్జత్ పోతందీ అన్నడు."

ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. ఎప్పుడొచ్చి నిలబడిందో.

"గీ ఫోన్ల సంగతి నాకెర్కలే కొడుకా. నువ్వు చెప్పలే. మీ బాపు బతుకు నలుగురి ముంగట చెప్తే నీకు సిగ్గనుకున్న. మన్ను మోసిన బతుకాయె, మంది బాయిలు తవ్విన బతుకాయె. కొడుకు పట్నపోడైండు, ఇజ్జత్ పోతదంటున్నడు, నిజమే కావచ్చు అనుకోని మింగిన."

"అవ్వా! బాపు అంటే నాకు సిగ్గా? గట్లెట్ల అనుకున్నవే?" సాగర్ అరిచినంత పని చేశాడు. సాంచెల మధ్య అరిచి అరిచి మొద్దుబారిన గొంతు అది.

సత్తవ్వ వచ్చి అరుగు మీద కూర్చుంది. "ఏదీ, గదేందో సూపెట్టు."

"వద్దవ్వా."

"సూపెట్టురా."

శ్రీలతే ఫోను తెచ్చి తెరిచి ఇచ్చింది. ఎగిరే పాట, మధ్యలో సత్తవ్వ రాగం, తెర నిండా నవ్వే బొమ్మలు. సత్తవ్వ ఫోనును దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసింది. పిల్లలు ముగ్గురూ ఆమె ముఖం చూడలేక అటూ ఇటూ చూస్తున్నారు.

"గీమె గంగమ్మనే!" అంది సత్తవ్వ ఉన్నట్టుండి. "ముఖం ఎంత మంచిగ కనబడ్తున్నదే బిడ్డా! పసుపు బొట్టు గూడ కనబడ్తున్నది. దీన్ని ఎందరు సూసిండ్రు?"

"లచ్చ మంది పైననే," అన్నాడు సాగర్ అవమానంగా.

"లచ్చ మందా! గంగమ్మ వాడ పోరగాండ్లకు జొన్న గట్క పోసి సాదిన సంగతి లచ్చ మంది ఇన్నరా?"

"ఇన్నరు గని, నవ్వుకుంట ఇన్నరే అవ్వా."

"నవ్వనీ. నవ్వినోళ్ల పండ్లు రాలిపోతయా? పిల్లల్లేక పోయింది గంగమ్మ. నేను సస్తే నా పేరు తీసెటోళ్లు ఎవ్వలే సత్తీ అని బుగులు పడేది. లచ్చ మంది ఇన్నరంటే మురిసిపోతుండె." సత్తవ్వ ఫోను మీద పడిన చాయ్ చుక్కను చెంగుతో తుడిచి కోడలికి ఇచ్చింది. "నన్ను నవ్వితే నాకేంది కొడుకా? నేనేడ్చింది నా బతుకా? గంగమ్మ బతుకు."

సాగర్ నేల మీద కూలబడ్డాడు. అందరి సంగతీ ఎవరో ఒకరు విన్నారు. గంగమ్మది లక్ష మంది విన్నారు. తన తండ్రిని మాత్రం ఎవరూ ఒక్క మాట చెప్పకుండానే మోసుకుపోయారు. మోసుకుపోయేలా చేసింది తానే.

"ఇప్పుడేడ్వే అవ్వా. బాపు కోసం ఏడ్వు. ఎవ్వలు నవ్వినా నేనున్న."

"ఏడ్వుమనంగనే అస్తదా కొడుకా? గదేమన్న నల్లానా, తిప్పితే అచ్చెతందుకు?" సత్తవ్వ పొడికళ్ళతో వాకిలి వైపు చూసింది. "నెల దినాలాయె. ఇగ రాదు తియ్యి."

దూరంగా లస్మవ్వ ఇంటి దగ్గర డప్పు మొదలైంది. సత్తవ్వ అటు చూసింది కానీ లేవలేదు. అప్పుడు సాగర్ ఏ మగవాడూ చెయ్యని పని చేశాడు. సైకిలు చక్రం పట్టుకుని, వచ్చీరాని రాగం ఎత్తుకున్నాడు.

"ఓ బాపూ... ఓ నా బాపూ..."

మొద్దు గొంతు, తాళం లేదు, తీరు లేదు. మరో రోజైతే శ్రీలత పొట్ట పట్టుకుని నవ్వేదే. ఇప్పుడు కొంగు నోట్లో కుక్కుకుంది.

"నాకు జెరమస్తే... గీ సైకిల్ మీద కూసోబెట్టుకోని... కోరుట్ల దవఖానకు తీస్కపోతివి బాపూ..."

"సైకిలెక్కడిది కొడుకా."

సత్తవ్వ చాలా మెల్లగా అంది. సాగర్ ఆగి తల ఎత్తాడు.

ఆమె కళ్ళు సాగర్ మీద లేవు. పోయినవాళ్ళ ముచ్చట తప్పు పోతుంటే ఓర్చుకోలేని మనిషి. అరచెయ్యి అరుగుకేసి కొట్టింది. నెల రోజులు గొంతులో ఆగిపోయిన రాగం ఒక్కసారిగా బయటపడింది.

"సైకిలెక్కడిదీ... ఓ నా కొడుకా... గప్పుడు మనకు సైకిలెక్కడిదీ...
ఓ మా అత్త కొడుకా... ఓ నా సాగరు బాపూ...
బస్సు లేకపాయె, బండి లేకపాయె, వాగు పొంగి పారవట్టె...
పోరన్ని భుజమ్మీదేసుకోని కోరుట్లదాక నడిస్తివి గదనయ్యా...
సెప్పులు బురదల పోతే ఒట్టి కాళ్లతోని ఉరికితివి గదనయ్యా...
సైకిలు గా తర్వాత కొంటివి... కొడుకు సైకిలంటే నవ్వుకుంటివి...
పోనియ్యే సత్తీ, సైకిలే అనుకోనియ్యే అంటివీ...
నా భుజం నొచ్చిన సంగతి వాని చెవుల ఎయ్యకే అంటివీ...
ఇయ్యాల చెప్పిన్నయ్యో... నా మీద కోపం జెయ్యకయ్యో..."

అఖిల పరుగున వచ్చి తల్లి మెడ పట్టుకుంది. శ్రీలత ఇంకోపక్క నుంచి పట్టుకుంది. ముగ్గురు ఆడవాళ్ళూ ఒకరి మీద ఒకరు పడి ఏడ్చారు.

సాగర్ చేతిలోంచి చక్రం జారిపోయింది. ఇన్నేళ్ళూ తనకు యాదికున్న ఆ ఊగుడు సైకిలుది కాదు. వానలో, బురదలో తనను మోసుకుంటూ నడిచిన బాపు నడకది. మోకాళ్ళ మీద పాకి వెళ్ళి అవ్వ ఒళ్ళో తల పెట్టి, చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. వినపడితే ఇజ్జత్ పోతుందని ఇప్పుడు అనుకోలేదు.

చాలాసేపటికి సత్తవ్వ ముక్కు చీది, కొడుకు తల మీద చెయ్యి వేసింది.

"లే కొడుకా. లస్మవ్వను లేపుతరు. దానికి మడిల పురుడచ్చిన సంగతి, గా పిల్లను నా కొంగుల సుట్టిన సంగతి నాకొక్కదానికే ఎరుక. నేను చెప్పకుంటే ఎవ్వలు చెప్తరు?"

"ఫోన్లు తీస్తరేమో అత్తమ్మా," అంది శ్రీలత కళ్ళు తుడుచుకుంటూ.

"తియ్యనీ. జర ఎల్తురున్న దిక్కు నిలబడి తియ్యుమనుండ్రి. లస్మవ్వ ముఖం మంచిగ రావాలె."

ఏడుస్తూనే అందరూ నవ్వారు. సాగర్ అవ్వ చెయ్యి పట్టుకుని వాకిట్లోకి దించాడు. సైకిలు తీయబోయి ఆగి, దాన్ని గోడకే ఆనించి, ఆమెతో నడిచాడు.

లస్మవ్వ ఇంటి ముందు కొమురయ్య దూరం నుంచే చూశాడు. "ఆగుండ్రి, ఆగుండ్రి! సత్తక్క అస్తున్నది!" అని అరిచాడు. డప్పు ఆగింది. సత్తవ్వ వెళ్ళి లస్మవ్వ కాళ్ళ మీద చెయ్యి వేసింది. ఎక్కడో ఒక ఫోను లేచింది, ఇంకొకటి లేచింది. సాగర్ ఎవరినీ ఆపలేదు. అవ్వ చెప్పే మాట ఒక్కటి కూడా పోకుండా వినాలని, మగవాళ్ళు నిలబడే చోటు విడిచిపెట్టి ఆడవాళ్ళ పక్కన వెళ్ళి కూర్చున్నాడు.