నెత్తురు రాసిన గడువు

"మన రాయబారి ఓస్టర్‌మన్ గారి మెదడులో గడ్డ ఉందని నలుగురికే తెలుసు. ఇంకెన్నాళ్ళు బతుకుతారో మాత్రం ఆయన నెత్తురుకే తెలుసు," అన్నాడు గూఢచారి శాఖ చీఫ్ క్రెమర్, హెన్నింగ్‌తో.

హెన్నింగ్ గూఢచారి కాకముందు ఆరేళ్ళు ల్యాబులో పనిచేసినవాడు. మెదడు గడ్డ నుంచి రాలిన డి.ఎన్.ఏ. నెత్తుట్లో కలుస్తుంది. దాని మీది రసాయన గుర్తులు చదివితే రోగికి మిగిలింది నెలలో, ఏళ్ళో తేలిపోతుంది.

అవతలి దేశం జైల్లో తొమ్మిదిమంది ఇంజనీర్లు మగ్గుతున్నారు. వాళ్ళ విడుదలకి బేరమాడగలిగింది ఓస్టర్‌మన్ ఒక్కడే. ఆయన త్వరలో పోతాడని పసిగడితే అవతలివాళ్ళు సంతకం పెట్టరు, ఆ చావు కోసం కాచుక్కూర్చుంటారు. తొమ్మిదిమందిలో హెన్నింగ్ చెల్లెలు ఇల్కా ఉంది.

"ఆయన నెత్తురు రెండు ట్యూబుల్లో తీశారు," అన్నాడు క్రెమర్. "ఒకటి ఇక్కడే పరీక్షిస్తారు. సరిచూడ్డానికి రెండోది కొండమీది ల్యాబుకి నువ్వు పట్టుకెళ్ళు. రెనాటా కారు నడుపుతుంది. చెల్లెల్ని తల్చుకుని తొందరపడకు."

హైడెల్‌బర్గ్ నగరాన్ని నవంబరు పొగమంచు మింగేసింది. మిట్టమధ్యాహ్నమే దీపాలు వెలిగాయి. టెక్నీషియన్ తెల్లకోటులో బయటికొచ్చిన హెన్నింగ్‌ని చూసి, ఎర్ర స్కార్ఫ్ చుట్టుకున్న రెనాటా అందంగా నవ్వింది.

"నెక్కర్ నది పొంగిందా?"

"మెట్లదాకా."

ఎప్పటిలాగే గుర్తుమాట సరిపోయింది. కారు కొండెక్కి, అడవి మధ్య ఠక్కున ఆగింది. రెనాటా లిప్‌స్టిక్ మూత తీసింది. లోపలున్నది రంగు కాదు, తూటా పేల్చే బుల్లి గొట్టం.

"ఓసి నీ! ఎన్నాళ్ళ నుంచి వాళ్ళకి పనిచేస్తున్నావు?"

"మీరిచ్చే జీతం చూసిన రోజు నుంచి. ట్యూబు ఇటివ్వు."

ఇచ్చాడు. సీటు కింది ఫ్లాస్కు తెరిచింది. లోపల డ్రై ఐస్ పొగలు కక్కుతోంది. చెయ్యి మధ్యలో ఆపి అడిగింది. "చెప్పు హెన్నింగ్, ఇందులో పెట్టాలా, వద్దా?"

ఐసులో పెడితే నెత్తురు గడ్డకట్టి, అందులోని తెల్లకణాలు పగిలిపోతాయి. వాటి డి.ఎన్.ఏ. వరదలా కమ్మి, రోగం జాడని ముంచేస్తుంది. పరీక్ష ఓస్టర్‌మన్‌కి దీర్ఘాయుష్షు రాసిచ్చేస్తుంది. కానీ పెట్టమంటే ఈ మహాతల్లి పెట్టదే!

"వద్దు! ఐసు తగిలితే పాడైపోతుంది. బయటే ఉంచు," అన్నాడు. గొంతు వణికింది. ఆ వణుకు నటన కాదు.

రెనాటా పకపకా నవ్వింది. "ఏడేళ్ళలో నాతో ఒక్క నిజం చెప్పలేదు. ఇవాళ చెప్తావా?" ట్యూబుని ఫ్లాస్కులో పడేసి మూత బిగించింది. "దిగు. ఉన్నది ఒక్క తూటా, నీమీద దండగ చెయ్యను."

కారు పొగమంచులో కలిసిపోయింది.

నాలుగో రోజు అవతలివాళ్ళు సంతకం పెట్టారు. ఓస్టర్‌మన్ ఇప్పట్లో పోడని నమ్మాక ఇంక దేనికోసం ఆగుతారు? సరిహద్దు దాటొచ్చిన ఇల్కా చిక్కి శల్యమైపోయింది. అన్న మెడ పట్టుకుని భోరుమంది. హెన్నింగ్ కూడా సిగ్గుపడకుండా ఏడ్చాడు.

ఆ సాయంత్రం ఓస్టర్‌మన్ పిలిపించాడు.

"వాళ్ళ రిపోర్టు మనకి చిక్కిందటగా. నాకెన్నాళ్ళిచ్చారు?"

"ఎనిమిదేళ్ళండీ."

"మనవాళ్ళు?"

హెన్నింగ్ తలొంచుకున్నాడు. "నాలుగు నెలలు."

ఓస్టర్‌మన్ అతని భుజం తట్టాడు.

"అయితే వాళ్ళ డాక్టరు చిరునామా కనుక్కో నాయనా. ఇకనుంచి ఆయన దగ్గరే చూపించుకుంటాను."