చెరువులో ఉన్న దారి

పుంగనూరు డెయిరీ ఆఫీసుకు వచ్చే రైతుల్లో సగం మంది క్యాన్ మూత పోయిందనే వస్తారు. మునిచంద్ర కూడా అందుకే వచ్చాడనుకుంది ఉషారాణి. అతను తిన్నగా ఆమె బల్ల దగ్గరికి వచ్చి, కంప్యూటర్ పక్కన ఒక నోటీసు పరిచాడు.

“వచ్చే నెల నుంచి ఎర్రమిట్టకు వ్యాను రాదని రాసింది ఎవరు మేడమ్?”

“నేనే. మీరు?”

“ఎర్రమిట్ట పాలకేంద్రం నడిపేది నేనే. మేమేం తప్పు చేసినాం?”

కుప్పం అమ్మాయి ఉషారాణి. మదనపల్లెలో ఎం.టెక్ చేసి, ఈ ఉద్యోగంలో చేరి రెండు నెలలైంది. అరవై ఊళ్ల పాలు తొమ్మిది వ్యాన్లలో తక్కువ తిరుగుడుతో ఎలా తేవాలో లెక్క కట్టడం ఆమె పని. తన లెక్క మీద ఆమెకు గట్టి నమ్మకం, కాస్త పొగరు కూడా.

“తప్పేమీ లేదండీ. పిండిన మూడు గంటల్లో పాలు ఇక్కడికి చేరాలి. మీ ఊరికి పదమూడు కిలోమీటర్లు చుట్టు తిరగాలి. మీ కోసం వస్తే మిగతా ఆరు ఊళ్ల పాలు విరిగిపోతాయి. కంప్యూటర్‌లో మోడల్ వేసి చూశాను.”

“ఆ మోడల్ ఎప్పుడన్నా మా ఊరికి వచ్చిందా?”

ఆమె స్క్రీన్ అతని వైపు తిప్పింది. చుక్కలు ఊళ్లు, గీతలు దారులు, గీత మీది అంకె పట్టే నిమిషాలు. అతను వంగి చూసి, వేలు పెట్టాడు.

“ఈ నీలం ఏంది?”

“చెరువు.”

“దీంట్లో నీళ్లు సూసినారా మీరు?”

“మ్యాప్‌లో ఉంది కదా!”

“నేను ఆరేండ్లుగా సూళ్లేదు. మా ఊరి దారి ఈ నీలం నడిమధ్యలోనే ఉండాది. నలభై ఇండ్లోళ్లు ఆ వ్యాను మీదే బతుకుతాండారు. ఆవుకాడికి పోయి ఈ నోటీసు సదివితే పాలు ఆపేస్తాదా?”

ఉషారాణికి కోపం రావాలి. నవ్వొచ్చింది.

మర్నాడు తెల్లవారే డ్రైవర్ కృష్ణప్ప పక్కన కూర్చుని బయలుదేరింది. వ్యాను రోడ్డు దిగి, ఎండిన చెరువులోకి దూకి, తుమ్మచెట్ల మధ్య టైరు జాడల వెంట పోయింది. పది నిమిషాల్లో ఎర్రమిట్ట.

“ఎన్నాళ్ల నుంచి ఈ దారిన పోతున్నావు?”

“ఆరేండ్లాయెమ్మా.”

“నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా!”

“మీరు నన్ను అడగలేదు కదమ్మా. మ్యాపును అడిగినారు.”

ఆ రోజే ఆమె స్క్రీన్ మీద నీలం మధ్యగా ఒక గీత గీసింది. ఎర్రమిట్ట నిలిచింది, నోటీసు చెత్తబుట్టలోకి పోయింది.

తర్వాత కూడా ఆమె వారానికోసారి ఆ వ్యాను ఎక్కేది. డేటా కోసమని చెప్పేది. మునిచంద్ర తల్లి విజయమ్మ పెట్టే సంగటి, ఊరిబిండి పచ్చడి కూడా డేటాలోకే వచ్చేవి.

“అన్ని ఊళ్లు, అన్ని దారులు లెక్కేస్తారే, కృష్ణప్ప మామ బుర్రలో ఉండేది కూడా అదే కదా?” అని ఏడిపించేవాడు మునిచంద్ర.

“మామ ఏడు ఊళ్లకు చేస్తాడు. నేను అరవైకి చెయ్యాలి.”

“అరవై ఊర్లుండాయి కదా, ప్రతి వారం మా ఊర్లోనే డేటా యాల?”

ఉషారాణికి అతనంటే ఇష్టం కలిగింది. ఆ సంగతి కృష్ణప్పకూ, విజయమ్మకూ తెలిసిపోయింది. మునిచంద్రకు తెలిసిందో లేదో తెలియక ఆమె సతమతమైపోయేది.

నవంబర్‌లో వాన పట్టింది. నాలుగు రోజులు విడవకుండా కురిసింది. ఐదో రోజు పొద్దున మునిచంద్ర ఫోన్.

“మేడమ్! చెరువు నిండి, నీళ్లు పొర్లి మొరవ పోతాండాది! మా అమ్మ పసుపూ కుంకుమా తీసుకొని కట్టకాడికి పరిగెత్తింది!”

“మరి దారి?” అంది ఉషారాణి.

అతని నవ్వు ఆగిపోయింది. “దారి యాడిది మేడమ్. తుమ్మసెట్లే కనపడ్డంలా.”

ఊరంతా పండగ చేసుకుంటున్న రోజున ఆమెకు ఏడుపొచ్చింది, అందుకు సిగ్గు కూడా వేసింది. మధ్యాహ్నం మదనపల్లె నుంచి మేనేజర్ జాకబ్ ఫోన్ చేశాడు. “గీత పోయిందంటే ఊరూ పోయినట్టేనమ్మా. రేపు సాయంత్రానికి కొత్త రూట్ పంపించు.”

ఆయన తప్పేం లేదు. లెక్క అదే చెబుతోంది. ఉషారాణి స్క్రీన్ వైపే చూస్తూ కూర్చుంది. వ్యానే పాల దగ్గరికి పోవాలని ఎవరన్నారు? ఎవరూ అనలేదు, తానే అలా అనుకుంది. ఎర్రమిట్ట చుక్కను పట్టుకుని, రోడ్డు వైపు కట్ట చివరికి జరిపింది. మళ్లీ లెక్క వేసింది. రెండు గంటల యాభై నిమిషాలు వచ్చింది!

ఒక్కటే షరతు. ఆరూ నలభైకల్లా పాలు అక్కడ ఉండాలి. ఎవరు తెస్తారో మోడల్‌కు తెలియదు. మునిచంద్రకు ఎన్నిసార్లు చేసినా ఫోన్ కలవలేదు.

మర్నాడు వ్యాను కట్ట మలుపు తిరిగేసరికి ఆరున్నర. తుంపరలో ఆరు పాల క్యాన్లు వరసగా ఉన్నాయి. పక్కన బురద కొట్టుకుపోయిన టీవీఎస్, తడిసి ముద్దయిన మునిచంద్ర.

ఉషారాణి వ్యాను ఆగీ ఆగకముందే దిగింది. “ఇక్కడికి తెమ్మని ఎవరు చెప్పారు?”

“ఎవురూ చెప్పలా. వ్యాను ఈడిదాకా రాగలదు. కట్ట మీద నేను ఈడిదాకా రాగలను. మూడు ట్రిప్పులు కొట్టినా. తప్పా మేడమ్?”

ఆమె సంచిలోంచి కాగితం తీసి ఇచ్చింది. కట్ట చివర ఎర్ర చుక్క. అతను ఆ చుక్కనూ తన కాళ్ల కింది నేలనూ మార్చి మార్చి చూశాడు.

“రోజూ మీరొక్కరే మొయ్యకండి,” అంది ఆమె. “ఊళ్లో వంతులు పెట్టుకోండి.”

“పెడతా. మీరొచ్చే రోజు మాత్రం వంతు నాది.”

“నేను రోజూ వస్తే?”

“అయితే వంతులే వద్దు.”

“మీరంటే నాకు ఇష్టం. నేను వచ్చేది డేటా కోసం కాదు.”

“తెలుసు. డేటా ఫోన్లో అడిగినా సాలు కదా. నాకూ ఇష్టమే ఉషా. అడగాలంటే బయమేసి ఇన్నాళ్లూ మేడమ్ మేడమ్ అంటాండా.”

“నేను క్యాన్లు ఎక్కిస్తాండా,” అన్నాడు కృష్ణప్ప వెనకనుంచి. “నాకేం ఇనపడలా. ఆరూ నలభై అయిందప్పా, అంతే.”

పెళ్లి మాటలకు పెద్దవాళ్లు ఎక్కడ కలవాలన్న మాట వచ్చినప్పుడు ఉషారాణి అలవాటు కొద్దీ లెక్క వేసింది. “వి.కోటలో అయితే ఇద్దరికీ దారి మధ్యలో పడుతుంది అత్తా.”

విజయమ్మ ఒప్పుకోలేదు. “పిల్లను అడగబోయేటోళ్లం మేము. సగం దారిలో నిలబడి అడుగుతారా యాడన్నా? కుప్పం దాకా మేమే వస్తాం.”

ఆ ఆదివారం చెరువు చుట్టూ పదమూడు కిలోమీటర్లు తిరిగి, పుంగనూరు, పలమనేరు, వి.కోట దాటి కుప్పం చేరేసరికి మునిచంద్ర వాళ్లకు నాలుగు గంటలు పట్టింది. ఉషారాణి తన అమ్మానాన్నలతో బస్సుకు ఎదురువెళ్లింది. విజయమ్మ బస్సు దిగుతూనే చిన్న పాలక్యాన్ ఉషారాణి చేతికిచ్చింది.

“నాలుగు గంటలైంది కదత్తా!” అంది ఉషారాణి భయంగా.

“కాంచి తెచ్చినానమ్మా. నీ మూడు గంటల లెక్క నాకు తెలీదా? పోయి కాఫీ పెట్టు.”